ఆరు మిల్లీమీటర్ల తిరుగుబాటు

అయ్యా, తన కారు థర్మోస్టాటు తాను మార్చుకునే హక్కు ఈ గణతంత్ర దేశంలో గృహస్థుకు ఉందా, లేదా? ఉందనే నమ్మి ఆదివారం పొద్దున్నే సెల్లారులోకి దిగాను. రెండు బోల్టులు విప్పాలి, మూత లేపాలి, పాతది పీకి కొత్తది పెట్టాలి, మళ్లీ బిగించాలి. అంతే పని. మొదటి బోల్టు దగ్గరే అయిపోయింది.

పదో నంబరు పానా వేసి నొక్కాను. కదల్లేదు. ఇంకాస్త నొక్కితే వెన్నలా మెత్తగా తిరిగింది. తిరిగింది కదా అని మీరు సంతోషిస్తుంటే ఈ రంగానికి కొత్తవారన్నమాట. మొండి బోల్టు ఊడేటప్పుడు కీచుమంటుంది, మూలుగుతుంది, తుప్పు రాలుస్తుంది. నోరెత్తకుండా తిరిగిందంటే మెడ తెగుతున్నట్టు. తల పానాలో, మొండెం ఇంజన్లో, నేను మధ్యలో.

ఆ తల మీద 8.8 అని అచ్చేసి ఉంది. మొదటి 8కి అర్థం, చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల లాగుడు దాకా తెగనని. రెండో 8కి అర్థం, అందులో 80 శాతం వరకూ సాగిపోనైనా సాగిపోనని. ఈ సైజు బోల్టు బిగించడానికి కావలసిందల్లా సుమారు పది న్యూటన్ మీటర్లు, అంటే మీటరు కర్ర చివర కిలో బెండకాయలు వేలాడదీసినంత. ఇంతటి భీషణ ప్రతిజ్ఞ నెత్తిన చెక్కించుకుని, జీవితమంతా లెడ్జర్లు తిప్పిన మణికట్టుకు లొంగిపోవడమా! బరువైన హృదయంతో ఆ తలను జేబులో వేసుకున్నాను. జేబుకు గ్రీజు అంటింది.

కారణం తెలియక కాదు. బోల్టు ఉక్కు, అది దిగిన ఒళ్లు అల్యూమినియం. సందులోకి కూలెంటు చెమ్మ చేరితే అల్యూమినియం తెల్లపొడిగా ఉబ్బి మరలను కరిచి పట్టుకుంటుంది. నేను పెట్రోలు పోసి, ఇన్సూరెన్సు కట్టి, ఆయుధపూజకు గుమ్మడికాయ కొట్టి పోషిస్తుంటే, నా వెనకాల ఏళ్ల తరబడి జరిగిన కుట్ర ఇది.

వార్త పై అంతస్తులకు పాకింది. ఒకాయన కిరసనాయిలు పోయమన్నారు. ఇంకొకాయన మంట పెట్టి వేడి చేయమన్నారు. అల్యూమినియం ఉక్కుకు రెండింతలు వ్యాకోచిస్తుంది కనక అందులో శాస్త్రం లేకపోలేదు. మూడో ఆయన రెండూ ఒకేసారి చేయమన్నారు. మా అపార్టుమెంటు భద్రతా కమిటీ అధ్యక్షులు ఆయనే.

ఈలోగా ఓ కుర్రాడు డ్రిల్లు పట్టుకొచ్చాడు. మొండెంలో రంధ్రం చేసి, ఉల్టా మరల పుల్ల దింపి తిప్పితే వచ్చేస్తుందట. డ్రిల్లు గట్టి ఉక్కు మీద జారి పక్కనున్న మెత్తటి అల్యూమినియాన్ని తినేస్తుందన్నాను. ఆ పుల్ల లోపలే విరిగితే మామూలు బిట్టు దాన్ని గీకను కూడా గీకలేదన్నాను. అప్పటిదాకా మౌనంగా ఉన్న మా ఆవిడ నోరు విప్పింది. లారీలకు బాడీలు కట్టే ఆటోనగర్ ఊళ్లో ఉండగా మనకీ యాగం దేనికండీ, అంది.

వెల్డింగు మేస్త్రీ వచ్చాడు. ముందుగా బ్యాటరీ వైరు ఊడదీశాడు. తర్వాత జరిగింది చూసి నన్నో చూపు చూశాడు. "ఇది మనం ముట్టుకునే పని కాదు సార్" అంటూ, మూత లేపడానికి రెండో బోల్టుకు పానా తగిలించాడు. నోరెత్తకుండా తిరిగింది. టక్.

ఆ చప్పుడుకు నా ఒళ్లు పులకరించింది. అధ్యక్షులవారి వైపు, కుర్రాడి వైపు, మా ఆవిడ వైపు సావకాశంగా తల తిప్పి చూశాను. మేస్త్రీ మాత్రం చలించలేదు. మూతను తట్టి తట్టి లేపాడు, గోరంత మొండేలకు చెరో నట్టూ తొడిగాడు, నట్టు కడుపులోకి వెల్డింగు నింపాడు, ఎరుపు తగ్గాక ముందుకీ వెనక్కీ ఆడిస్తూ రెండూ బయటికి తీశాడు. టీ చల్లారేలోపు పని పూర్తి.

రెండు బోల్టులకు డబ్బులడిగాడు. నేను విరగ్గొట్టింది ఒకటేగా అన్నాను.

"బండి మీదే కదా సార్" అన్నాడు.