లోహాన్ని లెక్కగట్టేవారికి ఆరు తలకిందుల సలహాలు

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ గొట్టం పగిలి మంటలు లేచాయి. 20 మందికి పైగా చనిపోయారు. గ్యాసులో కలిసిన నీరు, కార్బన్ డయాక్సైడ్ ఉక్కును లోపలినుంచి తినేశాయని విచారణలో తేలింది. కోనసీమలో ఫిజిక్స్ చదివే పిల్లలు పదార్థాల గుణాలను కంప్యూటర్‌తో ముందే లెక్కగట్టడం నేర్చుకుంటే అది ఊరికి అక్కరకొచ్చే చదువు. వాళ్ల కోసమే ఈ సలహాలు. వినగానే తప్పనిపిస్తాయి. అయినా పాటించండి.

1. ముందు కంప్యూటర్ ముట్టుకోకండి. కాగితం మీద స్ఫటిక సౌష్ఠవం చూడండి. వాల్తేరులో శాస్త్రవేత్తలు సూరి భగవంతం, వెంకటరాయుడు గార్లు సౌష్ఠవాల గణితమైన గ్రూపు సిద్ధాంతంతో చూపించింది ఈ దారే. ఏ సౌష్ఠవమూ లేని స్ఫటికానికి 21 స్థితిస్థాపక స్థిరాంకాలు కావాలి. ఇనుములాంటి ఘనాకార స్ఫటికానికి 3 చాలు. అంత పని పెన్సిలే తగ్గిస్తుంది.

2. తెలిసిన జవాబునే మళ్లీ లెక్కించండి. 1964-65లో వాల్టర్ కోన్, ఆయన సహచరులు రూపొందించిన, ఎలక్ట్రాన్ల సాంద్రతనుంచి పదార్థ గుణాలను లెక్కగట్టే డెన్సిటీ ఫంక్షనల్ పద్ధతికి 1998లో నోబెల్ వచ్చింది. అయినా దాని తొలి ఉజ్జాయింపు, అయస్కాంతగుణం లేని ఇనుమే నిలకడైనదని చెప్పింది. మేకుకు అయస్కాంతం అంటుకుంటుందని చిన్నపిల్లలకీ తెలుసు. తర్వాత వచ్చిన మెరుగైన ఉజ్జాయింపులు ఆ తప్పు దిద్దాయి. మీరు వాడేది ఏదో తేల్చుకోండి.

3. ప్రయోగంతో సరిపోయిన జవాబును అనుమానించండి. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నా జవాబు సరిపోతుంది. లెక్క నాణ్యత పెంచి మళ్లీ నడపండి. జవాబు కదిలితే మొదటిసారి కుదిరింది అదృష్టమే.

4. పరమాణువుల సంఖ్య తగ్గించండి. ఇనుము స్ఫటికాన్ని ఒక్క పరమాణువుతో లెక్కించవచ్చు. అది కుదిరాకే ఇనుము ఉపరితలం మీద ఒక నీటి అణువును పెట్టండి, ఆ తర్వాత కార్బన్ డయాక్సైడ్‌ను. ఒక్కో లెక్కలో ఒక్క ప్రశ్నే అడగండి: ఇది ఎంత గట్టిగా అంటుకుంటుంది?

5. ఏళ్ల తుప్పును కంప్యూటర్ తెర మీద చూడాలన్న ఆశ వదలండి. అణువుల కదలికను సుమారు ఒక ఫెమ్టోసెకను చొప్పున లెక్కించాలి. ఒక్క సెకను దాటడానికే పది కోటి కోట్ల అడుగులు కావాలి. అందుకని చర్య దాటాల్సిన శక్తి అవరోధం మాత్రమే లెక్కించి, దాన్ని తుప్పు వేగం సూత్రాలకు అందించండి. 1975లో డి వార్డ్, మిలియమ్స్ ప్రయోగశాల కొలతలతో ఇచ్చిన సూత్రం ఉష్ణోగ్రత, కార్బన్ డయాక్సైడ్ పీడనాలనుంచి తుప్పు వేగం చెబుతుంది. మీ అంకెను దాని పక్కన పెట్టి చూడండి.

6. జవాబు రాగానే కంప్యూటర్ ఆపి గొట్టం దారి పట్టండి. గ్యాసులోని నీరు గొట్టం అడుగున, అది దిగి లేచే వంపుల్లో చేరుతుంది. గొట్టాలు కాలువలు దాటే మన కోనసీమలో ఆ చోట్లు గుర్తుపెట్టి, అక్కడ ఎన్నేళ్లకు ఎంత మందం మిగులుతుందో రాసి చూపండి. అల్ట్రాసోనిక్ పరికరంతో కొలవమని గొట్టం యజమానులను అడగండి. కొలత కాదంటే లెక్క మార్చుకోండి. అవునంటే గొట్టం మార్చమని పట్టుబట్టండి.