వీపున ఆరు చక్రాలు

నాకు ఆరు చక్రాలు. ఆరూ వెనకవైపే. ముందు రెండు పట్టీలు, ఛాతీ దగ్గర ఒక బకిలు, నడుముకు బెల్టు. నన్ను తొడుక్కున్న మనిషి నిలబడితే నేను బరువును, వెల్లకిలా పడుకుంటే బండిని. లారీ కింద దూరి పనిచేసే మెకానిక్కు కోసం నన్ను చేశారు. నేనుండేది సూరత్‌లో, పర్వత్ పాటియా దాటాక కడోదరా వెళ్ళే రోడ్డు పక్కనున్న గ్యారేజీలో. రింగ్ రోడ్డు మార్కెట్లలో చీరల బేళ్ళు ఎత్తుకుని హైవే ఎక్కబోయే లారీలు మా వాకిట్లో ఆగుతాయి. వాటి పైభాగాన రంగులూ రాతలూ బొమ్మలూ ఉంటాయంటారు, నేనెప్పుడూ తీరిగ్గా చూసింది లేదు. నాకు తెలిసిందల్లా కింది లోకం. కమాన్ పట్టీలు, క్రాస్ బేరింగులు, గేరుబాక్సు అడుగున చెమ్మగిల్లే ప్లగ్గు, డిఫరెన్షియల్ హౌసింగు మీద ఏళ్ళ తరబడి గట్టిపడ్డ మట్టి.

పుట్టింది మాత్రం ఇంజనీరింగు కాలేజీలో, ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుగా. నలుగురు పిల్లలు కలిసి చేశారు. ముగ్గురు గుజరాతీలు, నాలుగో అమ్మాయి మనవాళ్ళమ్మాయి. వాళ్ళ తాత సిరిసిల్లలో చేతిమగ్గం వదిలి లింబాయత్ వచ్చి పవర్‌లూమ్ షెడ్డులో కుదురుకున్నాడు. సూరత్ కార్పొరేషన్ గుజరాతీతో పాటు తెలుగులోనూ బడులు నడుపుతుంది కాబట్టి పిల్ల ఓనమాలు తెలుగులోనే దిద్దింది. తండ్రి లూమ్ ఫిట్టరు. మేనమామ ఒక్కడే మగ్గం దారి తప్పి లారీల కిందికి చేరాడు. ఆ పిల్ల నన్ను పుట్టించింది గనక ఆయన నాకూ మామే.

మామ అంతకు ముందు పడుకునేది అట్టముక్క మీద. సూరత్‌లో అట్టకు కరువు లేదు. దారపు కోన్లు వచ్చే డబ్బా విప్పి పరిస్తే మనిషి నడుం దాకా వస్తుంది. కాకపోతే అట్ట దొర్లదు. గేరుబాక్సు దగ్గర్నుంచి వెనక ఇరుసు దాకా పోవాలంటే మోచేతులు నేలకానించి, మడమలు తన్ని, వీపుతో పాకాలి. చొక్కా పైకి లేచిపోతుంది, కంకర నడుముకు గీసుకుంటుంది. ఆ గీతలు పిల్ల చిన్నప్పటి నుంచీ చూస్తోంది.

గ్యారేజీలో చక్రాల పలక లేకపోలేదు. మూలన ఒక ముసలి చెక్క ఉండేది, ఇప్పటికీ ఉంది. తలవైపు రెగ్జిన్ దిండు, అడుగున నాలుగు పాత ఫ్యాను బేరింగులు. నాకు ఊరి చరిత్ర తెలిసింది దాని నోటనే. 1994లో ప్లేగు భయానికి ఊరు సగం ఖాళీ అయిన రోజుల్లో అది మా గ్యారేజీ యజమాని శేఠ్ గారి పాత షెడ్డులో ఒంటరిగా పడి ఉందట. మరుసటేడు మన తెలుగాయన ఎస్.ఆర్. రావు మునిసిపల్ కమిషనరుగా వచ్చి ఊరంతా ఊడ్పించి కడిగించాకే వాకిట్లో చక్రం కదిలే నేల చూశానంటుంది. 2006 ఆగస్టులో ఉకాయి డ్యామ్ నీళ్ళు వదిలి తాపీ నది ఊరి మీద పడ్డప్పుడు పానాలూ జాకీలూ బురదలో కూరుకుపోతే తాను మాత్రం తేలుతూ పక్క షెడ్డు దాకా పోయి వచ్చానని గొప్ప. చెక్క కాబట్టి తేలింది, అందులో దాని ప్రతిభ ఏముందో నాకర్థం కాదు. పెద్దదని ఊరుకుంటాను.

దానితో వచ్చిన చిక్కు ఏమిటంటే, మనిషితో పాటు లేవదు. మామ కింద నుంచి బయటికొచ్చి 19 నంబరు పానా కోసం నాలుగడుగులు వేసి తిరిగొచ్చేసరికి ఎవడో కాలు తగిలించి లారీ కిందికి తోసేసి ఉంటాడు. లేదా దాని మీద కాలేసి జారి పడి ఉంటాడు. అందుకే పిల్ల అడిగింది, చక్రాలు నేల మీద కాకుండా మామ వీపు మీదే ఉంటే ఏమవుతుందని.

మొదటి బొమ్మలో మూడు చక్రాలు వెన్నుపూస వెంట వరుసగా ఉన్నాయి. బొమ్మ గీసిన కుర్రాడే నన్ను తొడుక్కుని పడుకుని కెవ్వుమన్నాడు. మనిషి బరువు పలక మీద పరుచుకుంటుంది, చక్రాల దగ్గర పోగవుతుంది. ఆ పోగైన చోట ఎముక ఉంటే అంతే సంగతులు. తర్వాత భుజపు రెక్కల కింద రెండు, పక్కటెముకల చివర రెండు, తుంటి దగ్గర బెల్టు మీద రెండు పెట్టి, నడిమధ్య వెన్నుకు చోటు వదిలారు. లోపల 608 రకం బేరింగులు, పిల్లల స్కేట్లలో ఉండేవే. లోపలి రంధ్రం 8, బయటి కొలత 22, మందం 7 మిల్లీమీటర్లు. చక్రం మాత్రం స్కేటుది కాదు. అది ఒక్క దిక్కునే పోతుంది, లారీ కింద అడ్డంగానూ ఐమూలగానూ కూడా జరగాలి. అందుకని ఇరుసును మెడకు కాస్త వెనక్కి జరిపి బిగించిన తిరుగుడు చక్రాలు వేశారు. ఎటు తోస్తే అటు తల తిప్పుకుంటాయి.

కాలేజీలో నాకు మార్కులు బాగానే పడ్డాయి. పాలిష్ పట్టిన టైల్సు మీద ఎవరికైనా పడతాయి.

తీరా పిల్ల నన్ను గ్యారేజీకి తెచ్చి, “మామా, ఒక్కసారి తొడుక్కో” అంటే మామ ఎగాదిగా చూసి, “గాడిదకు గంత కట్టినట్టు గిదేంది బిడ్డా” అన్నాడు. అన్నా తొడుక్కున్నాడు. మేనకోడలి మాట తీసెయ్యలేక. గొంతుక్కూర్చుని, చేతులు వెనక్కి ఆనించి, మెల్లగా వాలుతుంటే తుంటి చక్రాలు ముందు నేలను తాకాయి. తాకీ తాకగానే పరుగందుకున్నాయి. మామ కాళ్ళు గాల్లో, నేను గోడ దగ్గర. పక్కనే పనిచేస్తున్న గంజాం కుర్రాడు నవ్వాపుకోలేక పానా పారేశాడు. సూరత్ నోటి దురుసుకు పేరుపడ్డ ఊరు. మామ ఇన్నేళ్ళలో నేర్చిన సూర్తీ భాషంతా ఆ పూట నామీద ఖర్చుపెట్టాడు.

ఆగడం నాకు ఇంకో చోట కూడా చేతకాలేదు. ప్రొపెల్లర్ షాఫ్టు ఫ్లాంజి బోల్టు తుప్పు పట్టి ఉంది. మామ పానా వేసి గుంజాడు. నట్టు కదల్లేదు, మామే గిర్రున తిరిగాడు. పానా మీద ఎంత బలం పెడితే అంత బలం ఒంటి మీద తిరగబడుతుంది. అట్ట మీద పడుకున్నవాణ్ణి నేల రాపిడి పట్టి ఆపుతుంది, నా మీద పడుకున్నవాణ్ణి ఆపేదెవరు? పిల్లలు బెల్టుకు ఒక బ్రేకు మీట పెట్టారు కానీ, రెండు చేతులూ పానా మీద ఉన్నవాడు మీట దేంతో లాగాలో ఆలోచించలేదు.

ఈ చిక్కును మామ విప్పిన తీరు నాకిష్టం. పాత టైరు అంచులోంచి రబ్బరు ముక్క కోసి తుంటి చక్రాల మధ్య బిగించాడు, చక్రాల కంటే కొంచెం పొట్టిగా. ఆ రెండు చక్రాల మీద బావ, అంటే పిల్ల తండ్రి, తెచ్చిచ్చిన లూమ్ స్ప్రింగులు వేశాడు. మామూలుగా రబ్బరు నేలకు తగలదు. మోకాళ్ళు మడిచి నడుం కిందికి నొక్కితే స్ప్రింగు దిగుతుంది, రబ్బరు నేలను కరుస్తుంది. నడుం వదిలితే మళ్ళీ దొర్లుతుంది. చేతులు ఖాళీ అక్కర్లేదు.

తల సంగతి ఎవరికీ తట్టలేదు. నాలుగు గంటలు వెల్లకిలా పడుకుని తల ఎత్తి పట్టుకుంటే మెడ ఏమవుతుందో కాలేజీలో రెండు నిమిషాలు పడుకున్నవాళ్ళకు తెలిసే వీల్లేదు. ముసలి చెక్కకు దిండుంది, నాకు లేదు. ఇక్కడ మాత్రం దానిదే పైచేయి. చివరికి కాలరు దగ్గర మడిచే దిండు కుట్టారు. నిలబడితే వెనక్కి వేలాడుతుంది, పడుకుంటే తల కిందికి వస్తుంది.

చెమట ఇంకో బాధ. మే నెలలో సూరత్ గాలి తడిగుడ్డే. నా లోపలి స్పాంజికి వేసింది పాలియెస్టరు. ఈ ఊళ్ళో చేతికి ముందు దొరికే గుడ్డ అదే మరి. అది చెమట పీల్చదు, నూనె తుడవదు, ఒక చోటిది ఇంకో చోటికి పూస్తుంది అంతే. గుడ్డల రాజధానిలో ఉండి మెకానిక్కులు చేతులు తుడుచుకోవడానికి నూలు పీలికలు కిలో లెక్కన కొనుక్కుంటారంటే బయటివాళ్ళు నమ్మరు. మామ వీపంతా పేలాక, వాళ్ళమ్మ సిరిసిల్ల నుంచి తెచ్చుకున్న పాత నూలు చీర మడతలు వేసి నా లోపల కుట్టించాడు. ఆమె ఒప్పుకుని ఇచ్చిందో, కొడుకు పెట్టెలోంచి లాగాడో నాకు తెలియదు.

పిల్ల ఒకసారి ఫోనులో మా బంధువును చూపించింది. ఫ్రాన్సులో జాన్ ఈవ్ బ్లాందో అనే డిజైనరు ఒళ్ళంతా చక్రాల కవచం చేసుకున్నాడు. చేతులకూ మోకాళ్ళకూ ఛాతీకీ వీపుకూ కలిపి 30కి పైగా చక్రాలు. దాన్ని తొడుక్కుని కొండదారిలో బోర్లా పడుకుని కార్లతో పోటీగా దిగుతాడు. 2012లో వచ్చిన జాకీ చాన్ సినిమా ‘చైనీస్ జోడియాక్’లో మొదట్లోనే ఆ కవచం ఉంది. గ్యారేజీలో అందరూ ఈలలు వేశారు. నాకు మాత్రం ఆ రోడ్డు మీదే కన్ను పడింది. అంత నున్నటి తారు! మా ఊరికీ రోడ్ల ఖ్యాతి ఉందండోయ్. హజీరాలో ఉక్కు చిట్టెంతో దేశంలోనే మొదటి రోడ్డు వేసింది 2022లో. దాని మీద నడిచేది ఉక్కు లారీలే, నాబోటివాళ్ళకు ఆ భాగ్యం లేదు.

మాకు ఇంకా దగ్గర చుట్టాలున్నారు, వాళ్ళ గురించి ఎవరూ ఈలలు వెయ్యరు. కాళ్ళు లేనివాళ్ళు పలకకు నాలుగు బేరింగులు వేసి, తొడలకు కట్టుకుని, చేతులతో నేలను తోసుకుంటూ స్టేషన్ల ముందు సాగిపోతుంటారు. ఒంటికి కట్టుకునే చక్రం మన ఊళ్ళలో మొదట పుట్టింది మెకానిక్కు కోసం కాదనే నా నమ్మకం. వాళ్ళ పలకల కొలతలు ఎవరైనా కాలేజీలో తీసుకుని ఉంటే నా మెడకు దిండు ముందే వచ్చి ఉండేది.

ఇక నా అసలు శత్రువు దారం. సూరత్‌లో నేలంటే దారం. లారీ బేళ్ళ నుంచి రాలేది, పక్క షెడ్ల నుంచి గాలికి వచ్చేది, సంక్రాంతి ఉత్తరాయణంలో తెగిన పతంగుల వెంట వాలేది. చక్రం దాన్ని ఎత్తుకుంటుంది, ఇరుసుకూ ఫోర్కుకూ మధ్య చుట్టుకుంటుంది, గ్రీజుతో కలిసి రాయి అవుతుంది. నూలైతే తెగుతుంది. పాలియెస్టరు తెగదు, కుళ్ళదు. గాజుపొడి పూసిన సూర్తీ మాంజా అయితే బేరింగు మూతను కోసుకుంటూ లోపలికి పోతుంది. జనవరిలో మామ ప్రతి సాయంత్రం బ్లేడు పట్టుకుని నా చక్రాల గొంతులు శుభ్రం చేసేవాడు.

ఇది చాలదన్నట్టు బావ వచ్చాడు. “ఒక్క పూటకియ్యి బామ్మర్దీ, లూమ్ అడుగు షాఫ్టు సూడాలె” అని నన్ను షెడ్డుకు పట్టుకుపోయాడు. లూముకూ లూముకూ మధ్య సందు నా భుజాలకే చాలలేదు. నేలంతా నూనె, నూనె మీద దూది, దూదిలో దారం. ఆ చప్పుడులో నా చక్రాలు ఒకటొకటే బిగుసుకుపోవడం బావకు వినపడలేదు. తిరిగొచ్చేసరికి నాకు కదిలే చక్రం ఒక్కటి కూడా లేదు. మామ నోరు తెరవబోతే పిల్ల ఆపి, అప్పటికప్పుడు మిల్లుల్లో తోపుడు బండ్లను చూసొచ్చింది. అక్కడి చక్రాలకు రెండు పక్కలా రేకు మూతలుంటాయి, దారం ఇరుసు దాకా పోకుండా. ఊళ్ళో వేల బండ్లకు ఉన్నదే. ఇప్పుడు నాకూ ఉన్నాయి. బావ తనకూ ఒకటి కావాలంటున్నాడు, సన్నగా.

ఇప్పుడు నడుస్తున్న తగవు చక్రం ఎత్తు మీద. నాది 50 మిల్లీమీటర్ల చక్రం. అందులో సగం, 25 మిల్లీమీటర్ల ఎత్తున్న కంకర అడ్డొస్తే అడ్డంగా ఎంత లాగినా ఎక్కదు. నిజానికి చిన్న నట్టుకే మొండికేస్తుంది. అందుకని మామ 75 చక్రం వెయ్యమంటాడు. కానీ చక్రం పెరిగినకొద్దీ మామ ముక్కు లారీకి దగ్గరవుతుంది. మనిషి ఛాతీ మందమే జానెడుంటే, నేనిప్పటికే రెండున్నర అంగుళాలు తింటున్నాను. కార్లకైతే మాట్లాడే పనే లేదు. 170 మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉండే సందులోకి నేనే కాదు, ఉత్త మనిషీ దూరడు. జాకీ ఎత్తి, స్టాండు వేసి, టైరుకు రాయి అడ్డం పెట్టాకే దూరాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కింద దూరేవాణ్ణి మామ గ్యారేజీలో ఉండనివ్వడు.

మొన్న పిల్ల శేఠ్ దగ్గర ఖర్చు కాగితం పెట్టింది, మిగిలిన ముగ్గురు పనివాళ్ళకూ ఒక్కోటి చేయిద్దామని. అట్ట ఊరికే వస్తుంది కదా అన్నాడాయన. మామ మాట్లాడలేదు. నన్ను విప్పి శేఠ్‌కు తొడిగాడు. బెల్టు ఆఖరి రంధ్రానికి కూడా అందక తాడు కట్టాల్సి వచ్చింది. తెల్ల చొక్కాతో శేఠ్ వాలాడు. గంజాం కుర్రాడు కాళ్ళు పట్టి లారీ వెనక నుంచి తోశాడు. డిఫరెన్షియల్ దాకా హాయిగా దొర్లాడు, అక్కడ ఆయన పొట్టా హౌసింగూ కలుసుకున్నాయి. ముందుకూ లేదు, వెనక్కూ లేదు. గేరు ఆయిలు చుక్క ఒకటి జేబు మీద పడింది.

కాళ్ళు పట్టి బయటికి లాగాక శేఠ్ లేచి దులుపుకుని, మూడు కాదు రెండు చేయించమన్నాడు. చక్రాలు మాత్రం 40వి వెయ్యాలట. 75 అని మామ. “నేల సంగతి మీకేం ఎరుక?” అని మామ తెలుగులో గొణిగితే, పిల్ల దాన్ని గుజరాతీలోకి మార్చకుండా కాగితం మీద రెండు అంకెలూ వేసుకుని టేపు తీసింది, ముందు లారీ కొలుద్దాం పదండని.