నేను క్యామ్‌షాఫ్ట్ సెన్సర్‌ని

కారు ఇంజిన్ పైభాగంలో ఒకే ఒక్క బోల్టుతో బిగించిన నల్లటి ప్లాస్టిక్ ముక్కను నేను. బొటనవేలంత ఉంటాను. నాకు మూడు వైర్లు. ఒకటి కరెంటు తెస్తుంది, ఒకటి ఎర్త్, మూడోది నేను చూసింది చూసినట్టు ఇంజిన్ కంప్యూటర్‌కు చేరవేస్తుంది.

నా పుట్టుకకు మూలం 1879లో ఉంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ హాల్ అనే విద్యార్థి పలుచటి బంగారు రేకులో కరెంటు పారించి, దాన్ని అయస్కాంత క్షేత్రంలో ఉంచాడు. రేకుకు అడ్డంగా సన్నటి వోల్టేజీ పుట్టింది. నా కొసలో పనిచేసేది ఆ సూత్రమే. క్యామ్‌షాఫ్ట్ మీది పళ్లచక్రం నా ఎదుట తిరుగుతుంటే, పన్ను వచ్చిపోయినప్పుడల్లా నా సిగ్నల్ 0, 5 వోల్టుల మధ్య మారుతుంది.

కింద క్రాంక్‌షాఫ్ట్ దగ్గర మా అన్న, క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్, ఉంటాడు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. పిస్టన్ పైకొచ్చిందని అన్న చెప్పగలడు. అది మంట అందుకోవడానికి వచ్చిందో, పొగను బయటికి నెట్టడానికి వచ్చిందో చెప్పలేడు. గడియారం ముల్లు ఆరు మీద ఉందంటే పొద్దునో సాయంత్రమో తెలియనట్టే. ఆ తేడా చెప్పేది నేను. దాన్ని బట్టే ఏ సిలిండర్‌కు ఎప్పుడు పెట్రోలు చిమ్మాలో కంప్యూటర్ తేల్చుకుంటుంది.

నేనున్న కారు విజయవాడలో ఒక లెక్కల మాస్టారిది. ఒక వేసవిలో సెల్ఫ్ చాలాసేపు కొడితే గానీ ఇంజిన్ అందుకునేది కాదు. వేడెక్కాక ట్రాఫిక్‌లో ఆగిపోయేది. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలిగింది. ఇంటి దగ్గరి గ్యారేజీలో స్కానర్ పెడితే పి0340 కోడ్ వచ్చింది. "సెన్సర్ పోయింది" అని తేల్చేసి, నన్ను ఊడదీసి కొత్తది పెట్టారు. నేను డిక్కీలో పడ్డాను. వారం తిరక్కుండానే అదే లైటు, అదే కోడ్.

ఆ కోడ్ నా ఒక్కదాని మీద తీర్పు కాదు. నేను, నా వైర్లు, కనెక్టర్, కంప్యూటర్ దాకా ఉన్న మొత్తం సర్క్యూట్‌లో ఎక్కడో లోపం ఉందని మాత్రమే అది చెబుతుంది.

మాస్టారు కారును ఆటోనగర్ తీసుకెళ్లారు. అక్కడి మెకానిక్ ముందు కనెక్టర్ విప్పి పిన్నులు చూశాడు. నూనె చేరలేదు, తుప్పు లేదు. తాళం ఆన్ చేసి మల్టీమీటర్ పెట్టాడు. సప్లై వైరులో 5 వోల్టులు వస్తున్నాయి, ఎర్త్ బాగుంది. సిగ్నల్ వైరులోనూ కంప్యూటర్ పంపే 5 వోల్టులు కనిపించాయి. అంతటితో వదిలేయకుండా వైరింగ్‌ను మెల్లగా కదిపాడు. ఒక చోట మీటరు చప్పున సున్నాకు పడింది.

"మాస్టారూ, ఇది సెన్సర్ తప్పు కాదండీ. వైరు క్లాంపుకి రాసుకుని తోలు పోయింది. ఇంజిన్ అదిరినప్పుడల్లా బాడీకి తగులుతోంది."

"పాత సెన్సర్ డిక్కీలోనే ఉందయ్యా, పనికొస్తుందా?"

"చూద్దామండీ. అది మంచిదైతే దాన్నే ఉంచుదాం, కొత్తది స్పేరుగా ఉంటుంది."

బ్యాటరీ నెగటివ్ తీసి, దెబ్బతిన్న ముక్క కోసి, కొత్త వైరు అతికించి సోల్డర్ చేశాడు. పైన స్లీవ్ తొడిగి, ఇనుముకు తగలకుండా క్లిప్పులతో కట్టాడు. కొత్త సెన్సర్‌ను ఊడదీసి, నా కొసన అంటుకున్న ఇనుప రజను తుడిచి, కొత్త ఓ-రింగ్ వేసి, నూనె రాసి బిగించాడు. కోడ్ చెరిపేసి, ఇంజిన్ బాగా వేడెక్కేలా బందరు రోడ్డులో కంకిపాడు దాకా నడిపించాడు. లైటు రాలేదు, ఇంజిన్ ఆగలేదు.

మేం చెడిపోమని కాదు. ఏళ్ల తరబడి ఇంజిన్ వేడికి మాలో కొందరి లోపలి సర్క్యూట్ నిజంగానే పోతుంది. కరెంటు, ఎర్త్, వైరింగ్ అన్నీ సరిగ్గా ఉండి, సెల్ఫ్ కొట్టినప్పుడు సిగ్నల్ కదలకపోతే మమ్మల్ని నిరభ్యంతరంగా మార్చండి. క్యామ్, క్రాంక్ లెక్క కుదరడం లేదనే కోడ్ వస్తే మాత్రం టైమింగ్ చైన్ సాగిందేమో కూడా చూడండి.

కారున్నవారికి నా విన్నపం ఒక్కటే. స్కానర్ కోడ్ చూపగానే విడిభాగం కొనకండి. "మీటరు పెట్టి చూశారా?" అని మెకానిక్‌ను అడగండి. కొలిచిన తర్వాతే మార్చమనండి.