ఐమాక్సు పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
ఐదుకల్ల రండి ఐమాక్సు గేటుకు
టికెటు నేను తీస్తి, డిన్నరతడు
పార్కుచేయ చోటు భాగ్యమే దొరికిన
ట్యాంకుబండుపైన యాత్ర సాగు

అవతారిక: హైదరాబాదు ఆదివార వాఙ్మయంలో ఇది ముఖ్యమైన పద్యం. కవి తన పేరు చెప్పుకోలేదు. 'ఫ్యామిలీ' అనే వాట్సాప్ గ్రూపులో శనివారం రాత్రి పదకొండు దాటాక వెలువడింది కనుక, ఆ వేళప్పుడు కూడా పదిమందిని పోగుచేయాలన్న తాపత్రయం ఉన్నవాడు ఇంటి పెద్దల్లుడే అయి ఉంటాడని విజ్ఞుల ఊహ. మొదటి ఆటకు పిలిచే పద్యం ఆటవెలదిలో ఉండడం ఔచిత్యం. 'రండి' తర్వాత అచ్చు వచ్చినా సంధి చేయలేదని దిల్‌సుఖ్‌నగర్ సంప్రదాయం వారు తప్పుపట్టారు. ఏ ఇద్దరు తోడల్లుళ్ల మధ్యా సంధి లేని గ్రూపులో దీన్నొక్కదాన్నే దోషమనడం అన్యాయం.

ప్రతిపదార్థం:

ఐదుకల్ల = సాయంత్రం ఐదు గంటలకల్లా; అనగా ఆరుకు ఐదు తక్కువకు. ఈ అర్థం నిఘంటువుల్లో ఉండదు, కాపురం చేస్తే తెలుస్తుంది. కొండాపూర్ శాఖవారు సరిగ్గా ఐదింటికి 'స్టార్ట్ అయ్యాం' అని పెడతారు. స్టార్ట్ అగుట యనగా గీజర్ స్విచ్చి వేయుట. ఐదుంబావుకు వచ్చే 'ఆన్ ది వే' అంటే లిఫ్టు దగ్గర నిలబడి, గ్యాస్ కట్టేశామా లేదా అని ఒకరినొకరు అడుగుకొనుట. 'కేబుల్ బ్రిడ్జి మీదున్నాం' అన్న మాట ఒక్కటే నమ్మదగినది, దాని వెంట సెల్ఫీ వస్తుంది గనుక. దుర్గం చెరువు మీద ఆ వంతెన 2020లో తెరిచారు; అంతకుముందు ఈ బంధువర్గంలో ప్రత్యక్ష ప్రమాణమే లేదు. ఆట ఆరున్నరకని కవికి తెలుసు. అయినా ఐదన్నాడు. దీన్ని అబద్ధమనరాదు, ముందుచూపు అనాలి.

రండి = పిల్లలతో సహా రండి. పిల్లల్ని తేవద్దని స్పష్టంగా చెప్పనందువల్ల ఈ అర్థం.

ఐమాక్సు = ప్రసాద్స్ మల్టీప్లెక్స్. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2003లో ఐమాక్స్ తెరతో మొదలైంది. ఆ తెర, ఆ ప్రొజెక్టర్, ఆ పేరు అన్నీ పోయాయి; ఇప్పుడక్కడి పెద్ద తెరను పీసీఎక్స్ అంటారు. అయినా ఆటో ఎక్కి 'పీసీఎక్స్‌కు పోనీ' అన్నవాడు నగరంలో ఇంతవరకు లేడు. ఇది రూఢి. వస్తువు పోయాక కూడా పేరు నిలవడం ఈ ఊరికి అలవాటే.

గేటుకు = లోపలికి రమ్మనక గేటుకే ఎందుకు రమ్మన్నాడు? ఇక్కడ వ్యాఖ్యాతలు తొందరపడి ముందుకు పోయారు గాని, పద్యానికి ఆయువుపట్టు ఇదే. ప్రసాద్స్ గేటు ఒక విద్వత్సభ. కొత్త సినిమా వచ్చిన శుక్రవారం పొద్దున 8:45 ఆట వదిలేసరికి అక్కడ యూట్యూబ్ మైకులు బారులు తీరి ఉంటాయి. ఒకడు హీరో మాస్కు తగిలించుకుని గొంతు పోయేలా 'బ్లాక్‌బస్టర్' అంటాడు. పక్కవాడు కళ్లద్దాలు సర్దుకుని 'ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్' అని పెదవి విరుస్తాడు. రేటింగ్ అడిగితే 'మూడుంబావు'. ఆ పావు ఎందుకు కలిసిందో చెప్పడు, అడిగే ధైర్యం మైకుకు లేదు. కావ్యానికి ఆత్మ రీతియా ధ్వనియా రసమా అని ఆలంకారికులు శతాబ్దాల తరబడి కొట్టుకున్నారు. ఇక్కడ 'బీజీఎం అన్నా!' అని పది సెకన్లలో తేల్చేస్తారు. తమాషా చేస్తున్నాననుకోవద్దు. సినిమా చూసి బయటికొచ్చిన మామూలు మనిషిని ఆపి నీ అభిప్రాయమేమిటని అడిగే చోటు ఇంకెక్కడుంది? ఇంట్లోనైతే ఎవరూ అడగరు. ఆదివారం సాయంత్రానికి ఆ మైకులు పలచబడతాయి, అయినా పిల్లలు గేటు దగ్గర కొంచెం మెల్లగా నడుస్తారు.

టికెటు నేను తీస్తి = టికెట్లు నేనే కొన్నాను. 'తీస్తి' అనడంతో కవికి తెలంగాణ నుడి పట్టుబడిందని తెలుస్తోంది. మల్టీప్లెక్సుల్లో మామూలు సీటుకు 2021 చివర వచ్చిన జీవో ప్రకారం గరిష్ఠం 250 రూపాయలు, జీఎస్టీతో 295. పెద్ద హీరో సినిమా మొదటి రోజులకు వేరే జీవో వస్తుంది, దానికి వేరే టీక కావాలి. పైన యాప్‌వారి కన్వీనియెన్స్ ఫీజు. అది ఎవరి కన్వీనియెన్సో ఏ భాష్యకారుడూ తేల్చలేదు. ఇంత ఖర్చు పెట్టినవాడు 'నేను' అన్న మాటను పాదం మధ్యలో కూర్చోబెట్టడంలో తప్పేమీ లేదు.

డిన్నరతడు = డిన్నరు అతడు (పెట్టించును). ఎవడా 'అతడు'? ఇదే ఈ పద్యంలోని ప్రసిద్ధమైన చిక్కు. బావమరిది అని కూకట్‌పల్లి వ్యాఖ్య. రెండో అల్లుడని దిల్‌సుఖ్‌నగర్ వ్యాఖ్య. మా మతం బావమరిదే. ఎలాగంటే, ఈ పద్యం కింద అందరూ బొటనవేళ్లు, చప్పట్లు పెట్టగా ఆయనొక్కడికే రెండు నీలం టిక్కులు పడి జవాబు రాలేదు. మౌనం అర్ధాంగీకారమన్నారు, మిగిలిన సగం ఆయన భార్య 'తప్పకుండా అన్నయ్యగారూ' అని రాసి పూర్తిచేసింది. ఇక్కడ పాప్‌కార్న్‌ను అధ్యాహారం చేసుకోవాలి. టికెటుకు కర్త ఉన్నాడు, డిన్నరుకు కర్త ఉన్నాడు, ఇంటర్వెల్లో క్యారమెల్ టబ్బుకు కర్త లేడు. అక్కడ క్యూలో ముందు నిలబడ్డవాడు ఫోను తీసి, సిగ్నల్ లేదన్నట్టు దాని వైపు చాలాసేపు చూస్తాడు. వెనకవాడు చెప్పుల పట్టీ సరిచేసుకుంటాడు. చివరికి అత్తగారు పర్సు జిప్పు తీసిన చప్పుడు వినగానే అందరూ ఒక్కసారిగా 'అయ్యో, మీరెందుకండీ' అంటారు.

పార్కుచేయ చోటు భాగ్యమే దొరికిన = స్పష్టం. భాగ్యనగరం శ్లేష.

ట్యాంకుబండుపైన యాత్ర సాగు = ఆట అయ్యాక ట్యాంక్‌బండ్ మీదుగా ప్రయాణం. దీనిలో గూఢార్థం ఉంది. ఐమాక్స్ నుంచి ట్యాంక్‌బండ్ దాటితే వచ్చేది రాణీగంజ్, ఆ పైన బిర్యానీకి పేరుపడ్డ ప్యారడైజ్. కనుక రెండో పాదంలోని డిన్నరు బిర్యానీయేనని భూగోళ ప్రమాణం. అయితే 2021లో సండే ఫండే అని ఆదివారం సాయంత్రం బండ్ మీద బండ్లు ఆపి జనాన్ని నడవనిచ్చే పద్ధతి వచ్చింది. అలాంటి ఆదివారమైతే కారు చుట్టూ తిరిగి పోవాలి, యాత్ర కాలినడకనే సాగాలి.

ఆ నడకను తక్కువ చేయరాదు. పదహారో శతాబ్దంలో కుతుబ్‌షాహీలు తవ్వించిన చెరువు కట్ట అది. 1986లో ఎన్టీ రామారావు అక్కడ తెలుగు మహనీయుల విగ్రహాలు వరసగా పెట్టించాడు. నన్నయ, మొల్ల, వేమన అందరూ ఉన్నారు. నీళ్ల మధ్య బుద్ధుడు 1990లో మునిగి, రెండేళ్లు అడుగున ఉండి, 1992లో లేచి నిలబడ్డాడు. ఒడ్డున 2023 నుంచి 125 అడుగుల అంబేద్కర్ ఉన్నాడు. ఇంతమంది పెద్దల సమక్షంలో మనవాళ్లు మొక్కజొన్న పొత్తుకు నిమ్మకాయ సరిగ్గా రాయలేదని బేరమాడతారు. నన్నయ అడ్డుచెప్పడు.

తాత్పర్యం: ఐదింటికి రండి, సినిమా చూద్దాం, ఆయన బిర్యానీ తినిపిస్తాడు, కట్ట మీద నడుద్దాం అని భావం. కాని పద్యాన్ని మళ్లీ చదవండి. గేటు ఉంది, టికెటు ఉంది, పార్కింగ్ ఉంది, రోడ్డు ఉంది. సినిమా పేరు లేదు. హీరో ఎవరో లేదు. గ్రూపులో ఎవరూ అడగనూ లేదు. వస్తునిర్దేశం లేని కావ్యమని లాక్షణికులు దీన్ని తోసిపారేయవచ్చు. మేము ఒప్పుకోం. కొండాపూర్‌లో ఒకరు, ఉప్పల్‌లో ఒకరు, మధ్యలో మెట్రో పిల్లర్లు. పండగకూ పబ్బానికీ తప్ప కలవని ఈ అక్కచెల్లెళ్లకు రెండున్నర గంటలు ఒకే వరసలో, ఒకరి భుజం ఒకరికి తగిలేలా కూర్చునే నెపం కావాలి. ఇంట్లో కూర్చోబెడితే పొలం పంపకాల మాట వస్తుంది. చీకట్లో ఆ మాట రాదు. అందుకే ఏ సినిమా అయినా ఫరవాలేదు, ఫ్లాపైతే మరీ మంచిది, బిర్యానీ దగ్గర తిట్టుకోవడానికి అందరికీ ఉమ్మడి శత్రువు దొరుకుతాడు.

అలంకారం: స్వభావోక్తి. రెండో పాదంలో మాత్రం అతిశయోక్తి.

ఫలశ్రుతి: ఈ పద్యానికి ఫలశ్రుతి ఉన్నట్టే గాని మాకు దొరకలేదు. అది హోటలు బిల్లు వెనక రాసి ఉందని, ఆ బిల్లును బావమరిది ఫొటో తీసి దాచుకున్నాడని, దీపావళికి అల్లుళ్లందరూ చేరినప్పుడు బయటపెడతాడని కూకట్‌పల్లి వారి కథనం.