పాత కాగితానికి పట్టాభిషేకం

సినిమా స్మారక వస్తువులు అనగా, చిత్రం విడుదలైన నాడు చిల్లర డబ్బులకు దొరికి, ఇల్లు సర్దిన నాడు తూకానికి పోయి, అరవై ఏళ్లకు వేలం పాటలో గాజు చట్రమెక్కే పోస్టర్లు, పాటల పుస్తకాలు, క్యాలెండర్లు.

ఏది దాచాలో, ఏది పారేయాలో తేల్చే ఈ శాస్త్రానికి, తమిళనాడులో తరతరాలుగా తెలుగు వినిపించే కోవిల్‌పట్టి, విరుదునగర్ సీమ మంచి ప్రయోగశాల. కోవిల్‌పట్టిలో స్థిరపడి 1976లో మరణించిన చిత్రకారుడు సి. కొండయ్య రాజు మొదట నాటకాల తెరలు గీసి, ఆపై విరుదునగర్ జిల్లా శివకాశి ముద్రణాలయాల ద్వారా దేవుళ్లను ఇంటింటికీ పంపారు. దేవుడి పటం పారేస్తే పాపమన్న భయం వాటిని గోడల మీద నిలబెట్టింది. సినీతారలకు ఆ పుణ్యం దక్కలేదు: మైదా జిగురుతో గోడకెక్కిన తార మరుసటి శుక్రవారానికే ఇంకో తార కింద సమాధి అయ్యేది. పోస్టరుదాకా ఎందుకు, తమిళం, తెలుగు కలగలిసిన 1931 నాటి ‘కాళిదాస్’ టాకీ ప్రతే నేడు దొరకదు.

ఇప్పుడు మాత్రం భక్తి పొంగింది. తాత దాచిన అసలు పోస్టరు మడత నలిగిందని మూలన పడేసిన మనవడే, టీ డికాక్షన్‌లో ముంచి వయసు తెప్పించిన నకలును వేలు పోసి కొని, హాల్లో దానికి ప్రత్యేకంగా దీపం బిగిస్తున్నాడు. అటక దులపబోయే గృహస్థులు పాత కాగితాల వాడిని పిలిచే ముందు, క్యాలెండరు అడుగున సన్నటి అక్షరాల్లో ఉండే ముద్రాపకుని పేరును ఒక్కసారి చదవవలసిందిగా మనవి.