విల్లీ ఓరీ స్కేట్లు చెప్పిన కథ

తోలును ఉక్కును కూర్చి చేసిన స్కేట్ల జతను నేను. నా అడుగునగల ఉక్కుపట్టీ నడుమ నిడివిగా సన్నని గాడి యొకటి యుండును. దానికిరువైపులను రెండు వాదరలు. ఆటగాడు ఎటు వ్రాలిన అటువైపు వాదర మంచును కఱచిపట్టును గనుకనే అంత వేగమున సాగువాడు క్షణములో నిలువగలుగును, మరలగలుగును. సానపట్టిన పిమ్మట వాదరపై గోటిని అడ్డముగా గీచి, సన్నని తెల్లని పొర లేచిన తరువాతగాని నా త్రాళ్లు బిగింపబడెడివి కావు.

నన్ను ధరించిన విల్లీ ఓరీ కెనడాలోని ఫ్రెడరిక్టన్‌లో 1935లో జన్మించెను. 1958 జనవరి 18న బోస్టన్ బ్రూయిన్స్ పక్షమున దిగి, నేషనల్ హాకీ లీగులో ఆడిన మొదటి నల్లజాతీయుడయ్యెను. ఆ లీగులో ఆయనకు దక్కినవి 45 ఆటలు. జట్లు ఆరే యున్న ఆ దినములలో ఎందఱో సమర్థులకు చిన్న లీగులే శరణ్యములు. 1961లో ఆయన వెస్టర్న్ హాకీ లీగునందలి లాస్ ఏంజెలెస్ బ్లేడ్స్‌లో చేరెను. వెలుపల మంచు కురియని ఆ నగరమున, గొట్టములలో చల్లదనము పాఱించి గడ్డకట్టించిన మంచుపైననే నా జీవితము గడచినది.

జూనియరు ఆటగాడుగా నున్నప్పుడే, ఎగసివచ్చిన పక్ అను ఆటబిళ్ల తగిలి ఆయన కుడికంటి చూపు దాదాపు పూర్తిగా పోయెను. తెలిసిన ఆడనీయరని ఆయన ఆ సంగతి దాచెను. ఎడమవింగున, అనగా ఎడమ ప్రక్కన, ఆడువానికి పక్ కుడివైపునుండి వచ్చును. దానిని చూచుటకు ఆయన తలను భుజముమీదుగా పూర్తిగా త్రిప్పవలసి వచ్చెడిది. అట్లు త్రిప్పినప్పుడెల్ల దేహభారము ఒక వాదరనుండి మఱియొక వాదరకు జాఱుట నాకు తెలిసెడిది. ఎంత కష్టమైన ఆట అది! పిదప లాస్ ఏంజెలెస్‌లో శిక్షకుడు ఆయనను కుడివింగునకు మార్చెను. ఇక పక్ చూపున్న కంటివైపునుండియే వచ్చుచుండెను. 1964-65లో ఆయన 38 గోల్సు చేసెను.

నా తోలు చీలమండలయొద్ద మెత్తబడి నేను మూలబడితిని. వేఱు జతలు వచ్చినవి. 1967లో ఆయన శాన్ డియాగో గల్స్‌లో చేరి, 1968-69లో మరల 38 గోల్సు చేసెను. 43 ఏండ్లు దాటినపిదప, 1979లోగాని ఆట చాలింపలేదు. 2018లో హాకీ కీర్తిమందిరమున ఆయనకు స్థానము లభించెను. 2022లో బోస్టన్ జట్టు ఆయన 22వ సంఖ్యను మఱియెవరికిని ఈయకుండ గౌరవముగా నిలిపివేసెను.

చదువరులారా, ఆయన ఆట నిండుగా పండినది చిన్న లీగులోనే. విల్లీ ఓరీని గూర్చి మీ పిల్లలకు చెప్పునప్పుడు ఆ 45 ఆటలతోనే ముగింపక, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో నగరములలో ఆయన ఆడిన ఏండ్లనుగూడ చెప్పుడు.