ముడిసూత్రానికి టీకా తాత్పర్యం

సూత్రం: పట్టి విడుచునది ముడి.

టీక: పట్టి = బరువు పడినప్పుడు జారక నిలిచి; విడుచునది = పని తీరాక కత్తితో అవసరం లేకుండా వేళ్లకే లొంగేది; ముడి = గుడారం వేసేవారు, పడవ నడిపేవారు, కొండలెక్కేవారు తాడుకు వేసేది. మంగళసూత్రపు మూడు ముళ్లు ఈ సూత్రం పరిధిలోకి రావు. అక్కడ ‘విడుచు’ను అన్వయించే సాహసం ఏ వ్యాఖ్యాతా చేయడు. తాత్పర్యమేమంటే, బిగియడం ముడికి సగం లక్షణమే. పట్టనిది ఉత్త మెలిక, విడవనిది పీటముడి. ముళ్లు నేర్చుకోవడమంటే ఈ రెంటి నడుమనున్న ఇరుకు జాగాను కనుక్కోవడం.

శంక: అనుమానమున్నచోట ముడి మీద ముడి వేస్తే పోదా? పోదు. ముడి తాడుకు బలం పోయదు, ఉన్నది తీస్తుంది. తాడు వంపు తిరిగినచోట బరువంతా కొన్ని పోగుల మీదే పడుతుంది కనుక, మంచి ముడి వేసినా దాని బలంలో నాలుగో వంతు, ఒక్కోసారి మూడో వంతు పోతుంది. ముడిని నిలిపేది మెలికల లెక్క కాదు, కొస నడిచిన దారి. రీఫ్ నాట్‌లో కుడికొసను ఎడమకొస మీదుగా, ఆపై ఎడమచేతికి వచ్చిన అదే కొసను మళ్లీ పైనుంచే తిప్పుతాం. రెండోసారి దాన్ని కిందనుంచి పోనిచ్చామా, అది గ్రానీ: అదే తాడు, అవే రెండు మెలికలు, కాని జారనైనా జారుతుంది, పీటముడైనా పడుతుంది. సరిగ్గా వేసిన రీఫ్ నాట్ సైతం మడిచిన తెరచాపను కట్టడానికే తగినది. రెండు తాళ్లను కలిపి బరువు వేలాడదీయడానికి కాదు. అలా వాడటం వల్ల జరిగిన మరణాలు, గాయాలు మిగతా ముళ్లన్నిటి వల్ల జరిగినవాటికన్నా ఎక్కువే కావచ్చునని క్లిఫర్డ్ ఆష్లీ 1944 నాటి తన ముళ్ల గ్రంథంలో హెచ్చరించాడు. అందులో దాదాపు 3,900 ముళ్లున్నాయి. భయపడనక్కర్లేదు, గుడారానికి నాలుగైదు చాలు. లావు సన్నం తేడా ఉన్న తాళ్లను కలపడానికి వాటిలో షీట్ బెండ్ ఉంటే మేలు.

సూత్రానికి చక్కని ఉదాహరణ బోలైన్. దాని కన్ను ఎంత లాగినా ఉచ్చులా బిగియదు. బరువు దించాక వెనక వంపును ముందుకు తోస్తే వదులవుతుంది. ఇక్కడే గట్టి ఆక్షేపణ: బిరుసైన నైలాన్ తాడుకు వేసిన బోలైన్, లాగుడు లేనప్పుడు కదిలి కదిలి తనంతట తానే ఊడవచ్చు. అదీ పట్టి విడిచినదే కదా, లక్షణానికి అతివ్యాప్తి దోషం రాదా? రాదు. ‘పట్టి’ క్త్వార్థకం, పట్టే పని ముగిశాకే విడవడం. పని నడుమ వదిలేసింది పట్టినట్టు కాదు. కొండలెక్కేవారు నడుంపట్టీకి ఎక్కువగా ఎనిమిది అంకె ముడినే వేసుకోవడానికి ఇదే కారణం. పడి వేలాడాక దాన్ని విప్పడం వేళ్లకు శిక్షే. అయినా తాడు అంతటా జంటగా నడుస్తుంది కనుక, తప్పుంటే తోటివాడు చూపుతోనే పట్టేస్తాడు. విప్పే సుఖం కొంత వదులుకుని పట్టు కొనుక్కోవడం ఇక్కడ న్యాయమే.

ఇనుప కొక్కేలుండగా ముళ్లెందుకనేవారు, ఆ కొక్కేన్ని తాడుకు ఏం వేసి తగిలిస్తారో చెప్పాలి. సూత్రకారుడు చెప్పక వదిలింది ఒకటుంది, దాన్ని అధ్యాహారం చేసుకోవాలి: ముడి దాటాక కొస జానెడైనా మిగలాలి.